మొదటి ఇంజెక్షన్‌కు ముందే రక్తం కల్చర్‌కు వెళ్ళాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. వానలు మొదలయ్యాక ఏదో ఒక ఊరిలో జ్వరాలతో వరుసగా మరణాలు సంభవించడం, వాటికి ‘అంతుచిక్కని వ్యాధి’ అని శీర్షిక పెట్టడం, ఆ ఊళ్ళో వైద్య శిబిరం వెలవడం, కొన్నాళ్ళకు ఆ ఊరి పేరే పత్రికల్లో కనిపించకుండా పోవడం మనకు అలవాటైపోయిన క్రమం. 2025లో గుంటూరు సమీపంలోని తురకపాలెంలో మరణాలు వార్తలకెక్కినప్పుడు తడి నేలలోని ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అన్న జబ్బు పేరు తెలుగు పాఠకుల్లో చాలామంది చెవిన మొదటిసారి పడింది. ఆ ఊరి మరణాలన్నింటికీ అదే కారణమా అన్న చర్చలోకి నేను దిగడం లేదు. ఆ తీర్పు చెప్పవలసింది ప్రయోగశాల నివేదికలే తప్ప నాబోటి విశ్రాంత అధ్యాపకులు కాదు. కానీ ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ బోధించి, అనుబంధ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసినవాడిగా ఆ పేరు వెనుక ఉన్న పరిశోధన గురించి, అది మన జిల్లా ఆసుపత్రులకు నేర్పవలసిన పని గురించి మీ పాఠకులకు విన్నవించుకోవడం అవసరమనిపించింది.

నేను చెప్పదలచినది ఒక్కటే. రోగిని చూసి గానీ, ఎక్స్‌రే చూసి గానీ మెలియాయిడోసిస్‌ను ఖాయం చేయలేము. రోగి రక్తంలోనో చీములోనో ఉన్న సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి గుర్తుపట్టాలి. కల్చర్ అంటే ఇదే. ఆ పని చేసే మనిషీ, ఆ పనికి కావలసిన సరంజామా జిల్లా స్థాయిలో లేనంతకాలం ఈ జబ్బు మన దగ్గర ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు.

ఈ జబ్బును తొలిసారి గుర్తించినది రంగూన్ జనరల్ ఆసుపత్రి శవపరీక్షల గదిలో. 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే పాథాలజిస్టు, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామి అక్కడ పనిచేస్తుండేవారు. నగరంలోని నిరుపేదలు, దేశదిమ్మరులు, మార్ఫియా ఇంజెక్షన్లకు అలవాటుపడినవారు జ్వరంతో వచ్చి, కొద్ది రోజుల్లోనే చనిపోతుంటే, వారి ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు కనిపించాయి. చూపుకు అది గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ వ్యాధిలాగే ఉంది. కానీ చనిపోయినవారికి గుర్రాలతో సంబంధం లేదు. ఇద్దరూ ఆ చీమును కల్చర్ చేశారు. బయటపడిన బ్యాక్టీరియా గ్లాండర్స్ బ్యాక్టీరియాకు భిన్నంగా చురుకుగా కదులుతోంది, దానికంటే త్వరగా, దట్టంగా పెరుగుతోంది. గ్లాండర్స్ బ్యాక్టీరియాను మగ గినీ పందికి ఎక్కిస్తే వృషణాలు వాయడం ఆనాటి ప్రామాణిక పరీక్ష. ఇక్కడ ఆ వాపూ రాలేదు. ఇది కొత్త జీవి అని నిర్ధారించుకుని 1912లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రచురించారు. 1917 నాటికి ఆ ఆసుపత్రిలో జరిగే శవపరీక్షల్లో దాదాపు ఇరవైలో ఒకదానిలో ఈ జబ్బే కనిపిస్తోందని తేలింది. ఆనాటి రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ మన కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీలు వేలాదిగా ఉండేవారన్నది ఇక్కడ ప్రసంగవశాత్తూ గుర్తు చేసుకోవలసిన సంగతి.

1921లో కౌలాలంపూర్‌లో స్టాంటన్, ఫ్లెచర్ అనే పరిశోధకులు ఈ జబ్బుకు మెలియాయిడోసిస్ అని పేరు పెట్టారు. దాని కారకాన్ని ఇప్పుడు బర్ఖోల్డేరియా సూడోమల్లీ అంటున్నాం. పేరు ఎన్నిసార్లు మారినా రంగూన్‌లో ఆ ఇద్దరూ వాడిన పద్ధతి మారలేదు. చీము తీయడం, పళ్ళెంలో పెంచడం, దగ్గరి చుట్టాలైన ఇతర బ్యాక్టీరియాల నుంచి ఒక్కొక్క పరీక్షతో దాన్ని వేరుచేయడం, ఈనాటికీ నిర్ధారణ అంటే ఇదే. కృష్ణస్వామి పేరు మన మైక్రోబయాలజీ తరగతుల్లో వినబడకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపించేది.

ఆ తర్వాత బర్మాలో జరిగినది మనకు మరింత పనికొచ్చే పాఠం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలపాటు, తాను తొలిసారి కనబడిన ఆ దేశం నుంచే ఈ జబ్బు గురించి నివేదికలు దాదాపుగా ఆగిపోయాయి. నేల మారలేదు, వానలు మారలేదు, వరి సాగు మారలేదు. వెతికే ల్యాబ్‌లు మాత్రం లేకుండా పోయాయి. ఈ శతాబ్దంలో మళ్ళీ కల్చర్లు మొదలుపెట్టగానే రోగులు మళ్ళీ కనిపించసాగారు. ‘మా జిల్లాలో ఈ కేసులు లేవు’ అని ఏ అధికారి అయినా చెప్పినప్పుడు నాకు ఈ బర్మా ఉదంతమే గుర్తుకు వస్తుంది.

మన దేశంలో 1991లో ముంబైలో ఒక చిన్నారిలో ఈ జబ్బును గుర్తించి నివేదించారు. ఆ తర్వాత వేలూరు, మణిపాల్ వంటి చోట్ల ఆసుపత్రుల నుంచి రోగుల వివరాలు ఏటా వెలువడుతున్నాయి. ఆ రెండు ఊళ్ళ నేలలోనే ఈ బ్యాక్టీరియా ప్రత్యేకంగా కాపురం పెట్టిందనుకోవడం కంటే, అక్కడి ల్యాబ్‌లు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాయనుకోవడమే న్యాయం. ప్రపంచమంతటా దీని భారం ఎంతో తేల్చడానికి 2016లో నేచర్ మైక్రోబయాలజీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఏడాదికి సుమారు 1,65,000 మందికి ఈ జబ్బు సోకుతోందనీ, 89,000 మంది చనిపోతున్నారనీ, అందులో 44 శాతం భారం దక్షిణాసియాదేననీ లెక్కగట్టింది. ఇవి తలలు లెక్కపెట్టి చెప్పిన సంఖ్యలు కావు, నేల, వాతావరణం, అప్పటివరకు నమోదైన కేసుల ఆధారంగా గణితం ఇచ్చిన అంచనాలు. ఆ తేడా మనసులో ఉంచుకున్నా, డెంగీ మరణాలకంటే ఇవి ఎన్నో రెట్లు ఎక్కువని ఆ పరిశోధకులే చెప్పినప్పుడు తేలిగ్గా తీసుకోలేము.

ఈ బ్యాక్టీరియా తడి నేలలో, బురద నీటిలో బతుకుతుంది. కాలి పగుళ్ళ నుంచో, చిన్న గాయం నుంచో, గాలివానలో లేచిన తుంపరలను పీల్చడం వల్లనో, శుద్ధి చేయని నీటి వల్లనో మనిషిలోకి చేరుతుంది. మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు కాబట్టి ఊరిని వెలివేసినట్టు చూడటం అర్థంలేని పని. దమ్ము చేసిన మడిలో చెప్పులు లేకుండా దిగి నాట్లు వేసే కూలీలు ఎక్కువగా దీని పాలబడతారు. వారిలోనూ మధుమేహం ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఏ దేశపు లెక్కలు చూసినా ఈ రోగుల్లో సుమారు సగం మందికో, అంతకంటే ఎక్కువ మందికో షుగర్ ఉంటుంది. అతిగా మద్యం తాగేవారికీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికీ ఇదే ప్రమాదం. వరి, షుగర్, మద్యం, ఈ మూడూ కలిసిన నేల కృష్ణా, గోదావరి డెల్టాలకంటే వేరే ఎక్కడ వెతకాలి? సాధారణంగా మూడు వారాల లోపు లక్షణాలు బయటపడతాయి గానీ, రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధఖైదీగా ఉన్న ఒక వ్యక్తిలో 62 ఏళ్ళ తర్వాత ఈ జబ్బు తలెత్తిన సందర్భం వైద్య పత్రికల్లో నమోదై ఉంది. లక్షణాలు కూడా ఒక తీరున ఉండవు. ఒకరికి న్యుమోనియా, ఒకరికి కాలేయంలో గడ్డ, మరొకరికి కీలులో చీము, ఇంకొకరికి రక్తమంతా విషమై రెండు రోజుల్లో మరణం. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనబడితే టీబీ అనుకుని మందులు మొదలుపెట్టడం సహజం. కళ్ళెలో టీబీ క్రిమి కనబడకపోయినా ఆరు నెలల కోర్సు వాడి, తగ్గక, చివరికి ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనో అసలు సంగతి బయటపడేవారు మన దేశపు నివేదికల్లో కొత్త కాదు.

ఇక ల్యాబ్‌లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. రోగి రక్తం సీసాలో పోసి ఇంక్యుబేటర్‌లో పెడతారు. బ్యాక్టీరియా పెరిగిందని సూచన రాగానే ఒక చుక్క తీసి గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు చివరలా రంగు పట్టి, మధ్యలో రంగు వెలిసిపోయిన ఎర్రని కడ్డీలు కనిపిస్తాయి. పిన్నీసులా ఉంటాయని పుస్తకాలు చెబుతాయి గానీ అన్నిసార్లూ అంత స్పష్టంగా ఉండవు. మామూలు పళ్ళెంలో మొదటి రోజు చిన్న, నున్నని కాలనీలు వస్తాయి. తొందరపడే టెక్నీషియన్ వాటిని చూసి సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా అనో, రక్తం తీసేటప్పుడు చర్మం నుంచి కలిసిన చెత్త అనో రాసి పళ్ళెం పారేస్తాడు. ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే అవే కాలనీలు ఎండి, ముడుతలు పడి తమ అసలు రూపం చూపేవి. ఆటోమేటిక్ యంత్రాలు కూడా దీన్ని కొన్నిసార్లు దగ్గరి చుట్టమైన బర్ఖోల్డేరియా సెపాసియాగా పొరబడతాయి. అనుభవం ఉన్న మైక్రోబయాలజిస్టుకు ఉపయోగపడే గుర్తు, పళ్ళెం మీద పెట్టే, యాంటీబయాటిక్ మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళల (డిస్కుల) దగ్గర దొరుకుతుంది. ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పరీక్షకు స్పందించే గ్రామ్ నెగెటివ్ (గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రగా కనబడే) బ్యాక్టీరియా జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగకుండా, కో-అమోక్సిక్లావ్‌కు మాత్రం లొంగితే, అది వేరే ఏదని రుజువయ్యేదాకా మెలియాయిడోసిస్ అనే అనుమానించాలి. ఈ డిస్కులు ఏ ల్యాబ్‌లోనైనా పెట్టవచ్చు. కళ్ళె, గొంతు, పుండు వంటి చోట్ల ఇతర బ్యాక్టీరియాల మధ్య దీన్ని ఏరడానికి ఆస్ట్రేలియాకు చెందిన ఆష్‌డౌన్ 1979లో రూపొందించిన, బ్యాక్టీరియాను పెంచే మాధ్యమం ఉంది. జెంటామైసిన్, క్రిస్టల్ వయొలెట్, న్యూట్రల్ రెడ్, గ్లిసరాల్ వంటి, ల్యాబ్‌లకు కొత్తేమీ కాని సరుకులతో దాన్ని స్వయంగా తయారు చేసుకోవచ్చు. ఒక్కసారి కల్చర్‌లో రాలేదని జబ్బు లేదనడానికీ వీలులేదు, ఎందుకంటే కల్చర్ పరీక్ష ఈ రోగుల్లో ఉజ్జాయింపుగా పదిమందిలో ఆరుగురినే పట్టుకుంటుంది. అనుమానం బలంగా ఉంటే రక్తం, మూత్రం, చీము, గొంతు నమూనాలు మళ్ళీ మళ్ళీ పంపాలి. అనుమానించిన పళ్ళేన్ని సేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవాలి, వాసన చూసి గుర్తుపట్టే పాత అలవాటు పనికిరాదు.

జబ్బు పేరు తెలిస్తే ఒరిగేదేమిటని అడిగేవారికి థాయిలాండ్‌లోని ఉబోన్ రాచథాని ఆసుపత్రి సమాధానం చెప్పింది. నికొలస్ వైట్ బృందం అక్కడి రోగుల్లో పాత మందుల కలయికనూ, సెఫ్టాజిడిమ్ అనే కొత్త మందునూ పోల్చి చూసి 1989లో లాన్సెట్‌లో ప్రచురించినప్పుడు, పాత పద్ధతిలో 74 శాతంగా ఉన్న మరణాలు కొత్త మందుతో 37 శాతానికి, అంటే సరిగ్గా సగానికి తగ్గాయి. మామూలు న్యుమోనియాకు, పేరులేని జ్వరానికి మన దగ్గర ముందుగా ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ ఈ జబ్బులో ఆధారపడదగినది కాదు, జెంటామైసిన్ సాధారణంగా అసలే పనిచేయదు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం పది, పద్నాలుగు రోజులు నరం ద్వారా ఇచ్చి, తర్వాత కో-ట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నుంచి ఆరు నెలలు వాడించాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇంత పొడుగు చికిత్సను కల్చర్ నివేదిక చేతిలో లేకుండా ఏ వైద్యుడూ ధైర్యంగా రాయలేడు, ఏ రోగీ నమ్మకంగా వాడడు.

ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరం అంతకంటే దూరం వెళ్ళింది. అక్కడ బార్ట్ కర్రీ, ఆయన సహచరులు 1989 అక్టోబరు నుంచి ప్రతి రోగినీ వదలకుండా నమోదు చేస్తూ వచ్చారు. ముప్పై ఏళ్ళలో 1,148 కేసులు పోగయ్యాయి. మొదటి అయిదేళ్ళలో 31 శాతంగా ఉన్న మరణాల రేటు చివరి అయిదేళ్ళలో 6 శాతానికి దిగింది. అక్కడ అద్భుతమైన కొత్త మందేదీ రాలేదు. జ్వరంతో వచ్చిన రోగిని అనుమానించడం, వెంటనే కల్చర్‌కు పంపడం, సరైన మందు ఆలస్యం లేకుండా ఎక్కించడం, అవసరమైతే ఐసీయూలో ఉంచడం జరిగాయి. డబ్బున్న దేశం కాబట్టి సాధ్యమైందన్న వాదనలో నిజం లేకపోలేదు, కానీ రోగి ఆసుపత్రికి చేరిన తొలిరోజే అనుమానించి కల్చర్‌కు పంపడానికి పెద్ద ఖజానా అక్కరలేదు.

మన నేలలో ఈ బ్యాక్టీరియా ఉందనడానికి ఆశ్చర్యకరమైన సాక్ష్యం అమెరికా నుంచి కూడా వచ్చింది. 2021లో కాన్సాస్, టెక్సస్, మినిసోటా, జార్జియా రాష్ట్రాల్లో ఒకరికొకరు సంబంధంలేని నలుగురికి ఈ జబ్బు సోకింది; ఇద్దరు చనిపోయారు. నలుగురిలో ఎవరూ ఈ బ్యాక్టీరియా సహజంగా ఉండే దేశాలకు వెళ్ళినవారు కాదు. రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా జన్యుక్రమాలు చదివితే నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటమే కాక, వాటి మూలం దక్షిణాసియా అని సూచించాయి. చివరికి ఒక రోగి ఇంట్లో దొరికిన, మన దేశంలో తయారైన సుగంధ స్ప్రే సీసాలో అదే బ్యాక్టీరియా బయటపడింది. నాలుగు కేసులను నాలుగు రాష్ట్రాల నుంచి ఏరి ఒక సీసాదాకా లాగగలగడానికి కారణం ప్రతి రోగి దగ్గరా కల్చర్ చేసి, పెరిగిన బ్యాక్టీరియాను భద్రపరచడమే. ఎక్కడో పుట్టిన క్రిమిని అక్కడివారు అలా పట్టుకోగలిగినప్పుడు, అది పుట్టిన నేల మీద మనం పట్టుకోలేకపోవడం నాకు మింగుడుపడని విషయం.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొత్త వైద్య కళాశాలలు వచ్చాయి, పెద్ద భవనాలు లేచాయి. కానీ భవనానికీ యంత్రానికీ ప్రారంభోత్సవం జరుగుతుంది గానీ, నెలనెలా అయిపోయే బ్లడ్ కల్చర్ సీసాలకు, బ్యాక్టీరియాను పెంచే గొర్రె రక్తపు పళ్ళేలకు, యాంటీబయాటిక్ డిస్కులకు ఎవరూ రిబ్బను కత్తిరించరు. అవి నిండుకున్న రోజున లక్షల విలువైన యంత్రం కూడా కేవలం బీరువా. బోధనాసుపత్రి దాటి ఏరియా ఆసుపత్రికి వెళితే మలేరియా స్లైడు, డెంగీ కిట్టు, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష దొరుకుతాయి, కల్చర్ దొరకడం కష్టం. వైడాల్ ఒక్కటి పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ ముద్ర వేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టే అలవాటు వల్ల ఎన్ని ఇతర జ్వరాలు ఆ ముద్ర చాటున దాగిపోతున్నాయో ఊహించడం నిపుణులకు కష్టం కాదు. కనుక వైద్యారోగ్య శాఖ ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక మైక్రోబయాలజిస్టునూ, కల్చర్‌లో శిక్షణ పొందిన టెక్నీషియన్లనూ నియమించి, వినియోగ సామగ్రికి ప్రత్యేకంగా, మధ్యలో ఆగని పద్దు కేటాయించాలి. ఏరియా ఆసుపత్రిలో కల్చర్ చేయలేకపోయినా ఫరవాలేదు. రక్తం సీసాలో తీసి, అదే రోజు జిల్లా ల్యాబ్‌కు చేర్చే వాహనం ఉంటే చాలు. ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న చిన్న సంగతి తెలిసిన నర్సు ఒకరు అక్కడ ఉండాలి. మెలియాయిడోసిస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో రెండు రాష్ట్రాలూ చేర్చాలి. ఇలా నిలబెట్టిన ల్యాబ్ ఈ ఒక్క జబ్బుకే ఉపయోగపడదు. టైఫాయిడ్ ఏ మందుకు లొంగుతోందో, బాలింతల రక్తంలో ఏ క్రిమి చేరుతోందో, ఐసీయూలో ఏ బ్యాక్టీరియా మెరోపెనెమ్ వంటి కార్బపెనెమ్ మందులను కూడా ధిక్కరిస్తోందో అదే బల్ల మీద తెలుస్తుంది.

వైద్యులకు, ముఖ్యంగా గ్రామాల్లో మొదట రోగిని చూసే ఆర్‌ఎంపీలకు ఒక విన్నపం. యాంటీబయాటిక్ పడిన తర్వాత తీసిన రక్తంలో బ్యాక్టీరియా పెరిగే అవకాశం బాగా తగ్గిపోతుంది. అయిదారు రోజులుగా జ్వరం, షుగర్ ఉన్న మనిషి, పొలం పని, శరీరంలో ఎక్కడో ఒక గడ్డ, ఇవి కలిసి కనిపిస్తే మీ దగ్గర ఇంజెక్షన్ పొడవకుండా పెద్దాసుపత్రికి పంపండి. ఆసుపత్రిలో కూడా పెద్దవారికైతే ఒక్కో సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తం కావాలి. రెండు మిల్లీలీటర్లు తీసి ‘కల్చర్ నెగెటివ్’ అని రాసుకుంటే ఎవరినో మభ్యపెట్టినట్టే. ప్రాణాపాయంలో ఉన్న రోగికి నివేదిక వచ్చేదాకా మందు ఆపమని నేననడం లేదు. రక్తం తీయడానికి అయిదు నిమిషాలు చాలు, ఆ తర్వాత మందు ఎక్కించవచ్చు.

చివరిగా మీ పత్రికకూ ఒక మాట. నాట్ల కాలంలో షుగర్ ఉన్న రైతులు, కూలీలు కాళ్ళ గాయాలను కప్పుకోవాలనీ, వీలైతే బూట్లు, చేతి తొడుగులు వాడాలనీ, తాగే నీరు కాచుకోవాలనీ మీ జిల్లా పేజీల్లో వానాకాలానికి ముందే రాయండి. డార్విన్‌లో ప్రతి ఏటా ఈ హెచ్చరిక చేస్తారు. ఇకమీదట ఏ ఊరిలోనైనా జ్వర మరణాలు సంభవించినప్పుడు ఎన్ని శిబిరాలు పెట్టారు, ఏ మంత్రి వచ్చారు అన్న వివరాలతోపాటు, ఎంతమంది రోగుల రక్తం యాంటీబయాటిక్‌కు ముందు కల్చర్‌కు పంపారు, ఎన్నింటిలో ఏ బ్యాక్టీరియా పెరిగింది, దాన్ని ఏ ల్యాబ్ ధ్రువీకరించింది, ఆ బ్యాక్టీరియాను భద్రపరిచారా అన్న ప్రశ్నలు జిల్లా వైద్యాధికారిని అడగమని మీ విలేఖరులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఆ జవాబులను, అవి ‘పంపలేదు’ అన్నవైనా సరే, యథాతథంగా ప్రచురించండి.

భవదీయుడు,
విశ్రాంత మైక్రోబయాలజీ ఆచార్యుడు,
కాకినాడ